రెండో నెగడు

కసిల్డా తుమాయ్ రోజూ పొద్దున్నే మొదటి కాఫీ నిలబడే తాగుతుంది. చక్కెర వేసుకోదు. రేకు లోటా చేత్తో పట్టుకుని పెరటి చివర ముళ్లకంచె దాకా నడుస్తుంది. అక్కడ నిలబడి తాగినంతా తాగి, అడుగున మిగిలిన మడ్డిని కంచెకు అవతల, కంపెనీవాళ్ల వరిచేలోకి విసిరికొడుతుంది. వాన పడుతున్నా మానదు. జ్వరమొచ్చి, పడుకునే తాళ్ల ఊయలలోంచి లేవలేని రోజుల్లో కూతురి చేత లోటా కంచె దాకా పంపిందే తప్ప, మడ్డిని ఇవతల పారబోయనివ్వలేదు.

"ఇదేం పని అత్తా?" అని కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లలెవరైనా అడిగితే, "అది మా నాయన తిరిగిన నేలమ్మా. ఎరువు నేనే వేసుకోవాలిగా," అంటుంది.

ఆమె నాయన బతికున్న రోజుల్లో ఆ కంచె లేదు. కసనారే మైదానంలో ఇంటి ముందు నిలబడి చూస్తే గడ్డి పోయి పోయి ఆకాశంలో కలిసేది. వానల్లో మోకాలి లోతు నీళ్లు, ఎండల్లో పగుళ్లిచ్చిన నేల. పశువులు నీళ్లను వెతుక్కుంటూ పోయేవి, మనుషులు పశువుల వెనక పోయేవాళ్లు. నీ పొలం ఎక్కడిదాకా అని అడిగితే జనం నవ్వేవాళ్లు. నేలకు హద్దులెక్కడివి? ఆవు తొడమీద నీ ముద్ర ఉంటే ఆవు నీది. అది ఎక్కడ నిలబడి మేస్తే, మేసినంతసేపూ ఆ గడ్డీ నీదే.

ఆవులకంటే ముందు నుంచీ తుమాయ్ వంశంవాళ్లు ఆ నేలమీద ఉన్నారు. పాదిరీలు నది మీదుగా మొదటి మందను తోలుకొచ్చినప్పుడు, తుమాయ్‌ల పెద్దలు ఒక ఆవును చూసి ఇదేదో బలిసిన జింక అనుకుని బాణం వేశారని కసిల్డా నాయనమ్మ చెప్పేది. ఆ ఒక్క ఆవు కోసం గుర్రాల మీద మనుషులొచ్చి గుడిసెలన్నీ తగలబెట్టారట. తర్వాతి తరం తుమాయ్‌లు గుర్రమెక్కడం నేర్చుకున్నారు. తాడు విసరడం నేర్చుకున్నారు. గుడిసెలు తగలబెట్టినవాళ్ల మందల్నే తరతరాలుగా కాశారు. కథ ఇక్కడికి వచ్చేసరికి నాయనమ్మ ప్రతిసారీ చుట్ట ఆర్పి, "మందలు వాళ్లవి. దారులన్నీ మనవి," అనేది.

కసిల్డా నాయన పొలికార్పో తుమాయ్ పనిచేసింది లా పోర్ఫియా అనే పెద్ద మందలో. దాని యజమాని రాజధానిలో ఉండేవాడు. ఏడాదికోసారి చిన్న విమానంలో దిగి, మాంసం తిని వెళ్లిపోయేవాడు. పొలికార్పోకి జీతంగా ఉప్పూ గుడ్డా ఇచ్చేవాళ్లు. ఒక ఏడు మాత్రం, ఎవరికీ అక్కర్లేదని ఒక కుంటి పెయ్యను ఇచ్చారు. ఆయన దాన్ని భుజాల మీద మోసుకుని ఇంటికొచ్చాడు. అది బతికింది, ఈనింది, దాని పిల్లలు ఈనాయి. అప్పుడాయన ఒరోకుయే ఊరికి పోయి, విరిగిన బండిచక్రం పట్టాతో కమ్మరి దగ్గర తన సొంత ముద్ర కమ్మి చేయించుకున్నాడు. ఒక అర్ధచంద్రం, దాని కింద కొక్కెం. చదువు రాని పొలికార్పో ఆ కమ్మిని గోడకు తగిలించి, "ఇదిగో, నా సంతకం," అన్నాడు. కసిల్డా అక్షరాలు నేర్చుకోకముందే ఆ మైదానంలో తిరిగే ముద్రలన్నీ చదవడం నేర్చుకుంది.

అక్కడ ఏటేటా వానలు వెనకబట్టాక మంద కూడిక జరిగేది. చిన్నా పెద్దా అందరూ గుర్రాల మీద బయల్దేరి, మైదానమంతా చెదిరిన పశువుల్ని ఒక్కచోటికి తోలి, లా పోర్ఫియా దొడ్డిలో పెట్టేవాళ్లు. దొడ్డి మధ్యలో ఒకే నెగడు. అందరి కమ్ములూ ఆ ఒక్క నెగడులోనే కాలాలి. తల్లి తొడమీద ఏ ముద్ర ఉంటే దూడకూ అదే ముద్ర. తల్లి కనపడని దూడ లా పోర్ఫియాకి పోతుంది. కమ్మిని రౌతు తన గుర్రం మీద తేవాలి. వరసగా రెండు కూడికలకు ఏ కమ్మి రాకపోతే అది చచ్చినట్టు లెక్క. ఆ ముద్రున్న పశువులన్నీ లా పోర్ఫియావే. వారసులు లేకుండా ఎవరైనా పోతే, వాళ్ల కమ్మిని నెగడులో ఎర్రగా కాల్చి, అందరి ముందూ నీళ్ల తొట్టిలో ముంచుతారు. అది సుయ్యిమంటున్నంతసేపూ మగవాళ్లు టోపీలు తీసి నిలబడతారు.

పొలికార్పో గుర్రం వరదనీళ్లలో కనపడని గుంటలో కాలు పెట్టి పడింది. ఆయన మెడ విరిగింది. కూడికకు ఇంకా నెల కూడా లేదు. ఆ ఏడు అర్ధచంద్రం కమ్మి గోడమీదే ఉండిపోయింది.

కసిల్డాకు అన్నదమ్ములు లేరు. మొగుడు, కూతురు పుట్టిన ఏడే మెటా నదిమీద పడవ పనికని పోయి తిరిగి రాలేదు. మరుసటి ఏడు కూడిక దగ్గరపడుతుంటే, నాయన స్నేహితుడు ఎవారిస్తో వచ్చి వాకిట్లో గుర్రం దిగాడు. ముసలాయన. నాలుగు ఆవులూ ఎప్పుడూ ఊడిపోయే పెట్టుడుపళ్లూ ఆయన ఆస్తి.

"మీ కమ్మి నేను పట్టుకుపోతానని చెప్పొచ్చానమ్మా. బెలార్మీనో ఒప్పుకోలా. ఒక మనిషికి ఒక కమ్మే అంటన్నాడు."

బెలార్మీనో లా పోర్ఫియా మందపెద్ద. యజమాని లేనప్పుడు, అంటే ఎప్పుడూ, ఆ మైదానంలో అతని మాటే మాట.

"ఇంకేమన్నాడు మామా?"

"వద్దులే."

"చెప్పు."

ఎవారిస్తో పళ్లు సర్దుకున్నాడు. "ముందు మొగుణ్ణి తెచ్చుకోమను, తర్వాత కమ్మి తెచ్చుకోమను అన్నాడు. లేకపోతే పశువుల్నిచ్చేసి వంటశాలలో పనికి రమ్మన్నాడు. కూడు పెడతాడంట."

"మా ఆవుల్ని వాళ్లు తిని, నాకు కూడు పెడతారా?"

"నేను అన్న మాట కాదమ్మా, వాడన్నది."

"వాడికే చెప్తాలే మామా. నువ్వు కాఫీ తాగు."

ఆమె కూతుర్ని ఎవారిస్తో భార్య దగ్గర దిగబెట్టి, నాయన బూడిదరంగు ఆడగుర్రానికి జీను కట్టింది. మగవాళ్లలాగే చెప్పుల్లేకుండా, బొటనవేలితో రికాబు పట్టుకుని ఎక్కింది. కమ్మిని జీనుకు అడ్డంగా, వచ్చేపోయేవాళ్లందరికీ కనపడేలా కట్టింది. దారిలో ఎదురైనవాళ్లు కొందరు పలకరించారు, కొందరు టోపీ కిందికి లాక్కున్నారు.

లా పోర్ఫియా చేరాక బెలార్మీనో ఆమెను పైనుంచి కింది దాకా చూశాడు. ఇద్దరిదీ ఒకే వయసు. చిన్నప్పుడు ఒకే పిచ్చి గాడిద మీదనుంచి వంతులేసుకుని పడ్డవాళ్లు.

"దారి తప్పావా కసిల్డా? వంటశాల అటు."

"తెలుసు. పొగ కనపడతానే ఉంది."

"మరి గుర్రం దిగవేం?"

"పశువులింకా మైదానంలోనే ఉన్నాయిగా. దిగి ఏం చెయ్యను?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆమెను చూసి నవ్వారో అతన్ని చూసి నవ్వారో తేలలేదు. బెలార్మీనో వరసలో ఆమెకు చోటివ్వలేదు. ముందర పాట పాడుతూ మందను నడిపేవాడు, పక్కల కాసేవాళ్లు, అందరికీ చోట్లున్నాయి. కసిల్డా అందరి వెనకా, దుమ్ములో, ఎవరూ కావాలనుకోని చోట గుర్రం నడిపింది. కుంటివీ బక్కవీ ఈనడానికి సిద్ధంగా ఉన్నవీ ఆ చివరే నడుస్తాయి. వాటిని విడవకుండా తోలుకొచ్చింది. దొడ్డి చేరేసరికి ఆమె కనుబొమ్మలు కూడా ఎర్రమట్టి రంగుకు తిరిగాయి.

మర్నాడు పొద్దున నెగడు వేశారు. రౌతులంతా వచ్చి ఒక్కొక్కరే కమ్ములు పెట్టారు. కసిల్డా కూడా వచ్చి, అందరి కమ్ముల పక్కన తన కమ్మి కొసను నిప్పుల్లోకి తోసింది.

బెలార్మీనో దాన్ని పైకి లాగి పక్కన పెట్టాడు. "ఎవరిదో పొరపాటున పడ్డట్టుంది."

"నాదే. పొరపాటు కాదు." ఆమె మళ్లీ పెట్టింది.

"ఆడదాని చేతిమీద వచ్చిన కమ్మి ఈ నెగడులో ఎప్పుడన్నా కాలిందా? ఎవరన్నా చూశారా?"

ఎవరూ చూసినవాళ్లు కాదు.

"చూడకపోతే ఇప్పుడు చూడండి," అంది కసిల్డా. "కళ్లున్నాయిగా."

అతను మళ్లీ తీశాడు. ఆమె మళ్లీ పెట్టింది. ఈలోపు ఒకరిద్దరి దూడలకు ముద్రలు పడ్డాయి. కాలిన వెంట్రుకల పొగ దొడ్డంతా కమ్ముకుంది. మగవాళ్లు తాళ్లు విసురుతూనే ఓరకంట ఇటు చూస్తున్నారు. ఎవడో, "బెలార్మీనో, నీ పెళ్లామైనా నిన్నింత సతాయించదేమోరా," అని అరిచాడు. దొడ్డంతా నవ్వింది. బెలార్మీనో మెడ ఎర్రబడింది. అప్పటికి కమ్మి బాగా కాలింది. అతను దాన్ని నిప్పుల్లోంచి లాగి, రెండడుగులు వేసి, నీళ్ల తొట్టిలో ముంచేశాడు.

సుయ్యిమంది.

నవ్వు ఆగిపోయింది. విసిరిన తాళ్లు విసిరినట్టే నేలమీద పడ్డాయి. ఎవారిస్తో చెయ్యి తనకు తెలియకుండానే టోపీ మీదికి పోయి, సగం తీసి ఆగింది. చచ్చినవాళ్ల కోసం చేసే పనిని బెలార్మీనో బతికున్న మనిషి ముందు, ఆమె కళ్లెదుటే చేశాడు. అతనికి కూడా ఆ సంగతి తొట్టి మీదనుంచి ఆవిరి లేస్తుండగా అర్థమైంది. మొహం పాలిపోయింది. ఆ చోట పుట్టి పెరిగినవాడు ఎంత కోపంలోనైనా చెయ్యకూడని పని అది. కానీ అంతమంది ముందు వెనక్కి తగ్గడం మందపెద్దకు చేతకాలేదు. తడి కమ్మిని మట్టిలోకి వదిలేశాడు.

కసిల్డా వంగి కమ్మి తీసుకుంది.

"నేను చచ్చానా?" అని అడిగింది అందర్నీ. "చెప్పండయ్యా. టోపీలు తీసేవాళ్లు తీయండి, నేనూ చూస్తా."

ఎవారిస్తో టోపీని గట్టిగా నెత్తిమీదికి లాక్కున్నాడు. ఆయన్ని చూసి ఇంకొకడు. సగం తీసినవాళ్లంతా మళ్లీ పెట్టుకున్నారు.

ఆమె బెలార్మీనో వైపు తిరిగింది. "నీకెన్ని ఆవులున్నాయి?"

అతనికి ఒక్కటీ లేదని, మీసాలు రాకముందు నుంచీ ఆ చెయ్యి వేసిన ముద్రలన్నీ ఇంకొకరివేనని అక్కడ అందరికీ తెలుసు.

కసిల్డా వంటశాలకు నడిచింది. అక్కడ త్రాన్సితో అనే వంటమనిషి, కూడికకు వచ్చినవాళ్లందరి కోసం గుంజలకు గుచ్చిన దూడ మాంసాన్ని నిప్పుల పక్కన కాలుస్తోంది.

"పిన్నీ, నాకు నిప్పులు కావాలి."

"ఎందుకే?"

"దొడ్లో ఇంకో నెగడు వేస్తా."

త్రాన్సితో చేతిలో కత్తి ఆగింది. రెండో నెగడంటే ఏమిటో ఆమెకు తెలుసు. ఒకే దొడ్డిలో రెండు నెగళ్లంటే ఇకనుంచి మనం ఒక మంద కాదని చెప్పడం. అన్నదమ్ములు పొయ్యి వేరు పెట్టుకున్నట్టు. ఆమె తాతల కాలంలో కూడా ఎవరూ ఆ పని చెయ్యలేదు.

"బెలార్మీనో నన్ను వెళ్లగొడతాడే."

"వెళ్లగొడితే మా ఇంటికి రా. ఆవుపాలకు కొదవలేదు."

"పాలు తాగి బతికే వయసా నాది?" అని గొణుగుతూనే త్రాన్సితో వెతికి ఎద్దు భుజం ఎముక, పారంత వెడల్పుది, తీసి నిప్పుల కింద దూర్చింది. "చెయ్యి కాల్చుకోకు. పట్టు. ఇదిగో కట్టెలు నేను తెస్తా పద."

దొడ్డిలోకి ఎముక మీద నిప్పులతో కసిల్డా ముందు నడిచింది. వెనక త్రాన్సితో కట్టెలతో, ఆమె వెనక వంటశాలలోని మిగతా ఆడవాళ్లు ఎండిన పేడ ఒడిలో పోసుకుని వచ్చారు. గోడ వారగా నెగడు వేశారు. వెనక వంటశాలలో మాంసాన్ని తిప్పేవాళ్లు లేక ఒక పక్క మాడిపోతున్న వాసన వస్తోంది.

"అమ్మా, మా తిండి!" అని ఎవడో అరిచాడు.

"నువ్వే పోయి తిప్పుకో," అంది త్రాన్సితో.

పేడనిప్పు రాజుకోవడానికి సమయం పడుతుంది. కసిల్డా కమ్మి కొసను బూడిదలో పెట్టి, పక్కనే గొంతుకూర్చుని, ఊదుతూ ఉండిపోయింది. మగవాళ్లెవరూ ఆమె దగ్గరికి రాలేదు. బెలార్మీనో పనాగకూడదని అరుస్తున్నాడు. తాళ్లు మళ్లీ లేచాయి. దూడలన్నీ పాత నెగడు దగ్గరికే పోతున్నాయి. ఏదో ఒక క్షణంలో అర్ధచంద్రం ముద్ర ఉన్న ఆవు వెనక దూడ వస్తుంది. దాన్ని ఎటు లాగుతారో ఆమె చేతిలో లేదు. ఆడవాళ్లు కట్టెలు తేగలరు గాని ఆ దూడను తేలేరు.

వచ్చింది. ఎర్రావు, దాని వెనక ఎర్రటి పెయ్యదూడ. తాడు విసిరింది ఎవారిస్తోనే. అక్కడి వాళ్లు తాడు రెండో కొసను గుర్రం తోకకే కడతారు. దూడ లాగుతుంటే ముసలి గుర్రం నడుం వంచి నిలదొక్కుకుంది.

"ఇటు తోలు మామా," అన్నాడు బెలార్మీనో.

ఎవారిస్తో ఆవు తొడ చూశాడు. "దీని తల్లిది చంద్రుడి ముద్ర."

"ఆ కమ్మి చచ్చింది. ఇటు తోలు."

"చచ్చిన కమ్మి అక్కడ కాలతా కనపడతందే."

"చూడు మామా, ఆ నెగడు దగ్గరికి పోయినవాడికి వచ్చే ఎండాకాలం లా పోర్ఫియా మడుగులో చుక్క నీళ్లుండవు. తర్వాత నన్నేమనొద్దు."

అది ఉత్త బెదిరింపు కాదు. రెండో నాలుగో ఆవులున్న చిన్నవాళ్ల పశువులన్నీ ఎండల్లో ఆ మడుగు మీదే బతకాలి. ఎవారిస్తో దవడలో పళ్లు కదలడం కసిల్డా కూర్చున్నచోటికి కూడా కనపడింది. ఆమె ఊదడం ఆపేసింది.

"నీళ్లు మీవా?" అన్నాడు చివరికి. "నిరుడు వాన కూడా మీ దొరే విమానంలోంచి పోశాడా?"

గుర్రాన్ని గోడవారగా తిప్పాడు. దూడ కాళ్లు తన్నుకుంటూ, ఎర్రావు అరుస్తూ వెనక, కసిల్డా నెగడు దగ్గరికి వచ్చాయి. త్రాన్సితో లావుపాటి మోకాలు దూడ మెడమీద వేసి అదిమింది. కసిల్డా కమ్మి లేపి చూసింది. మరీ ఎర్రగా ఉంటే చర్మం చిట్లి ముద్ర చెరిగిపోతుంది. రంగు బూడిద వైపు తిరిగేదాకా ఆగి, అప్పుడు అద్దింది. దూడ అరిచింది. కమ్మి తీశాక తొడమీద అర్ధచంద్రం, దాని కింద కొక్కెం, ఎక్కడా చెదరకుండా ఉన్నాయి.

కాసేపటికి వాగు అవతలివాడొకడు, ఎప్పుడూ ఎవరితోనూ మాట్లాడనివాడు, పాత నెగడు దగ్గరికి పోయి తన కమ్మి తీసుకుని ఇటు వచ్చాడు. "అక్కడ మరీ ఇరుకుగా ఉంది," అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. ఆమె తన కమ్మిని పక్కకు జరిపింది. తర్వాత ఇంకొకడికీ అక్కడ ఇరుకైంది. పొద్దు వాలేసరికి పాత నెగడులో లా పోర్ఫియా కమ్మి ఒక్కటే మిగిలింది. దానికి చోటు కావలసినంత.

అందరూ వెళ్లిపోయేటప్పుడు బెలార్మీనో ఆమె గుర్రం దగ్గరికి వచ్చాడు. "నీ వల్ల నా పని పోద్ది."

"పోతే మా ఇంటికి రా. ఒక పెయ్యనిస్తా. కమ్మి చేయించుకో."

"నీ ముష్టి ఎవడికి కావాలి?" అని ఉమ్మేసి వెళ్లాడు.

అతని పని నిజంగానే పోయింది. పెయ్య కోసం మాత్రం ఎప్పుడూ రాలేదు. మూటా ముల్లె కట్టుకుని ఏ దిక్కుకో పోయాడు. త్రాన్సితో మాత్రం వచ్చి, పాలు పల్చగా ఉన్నాయని తిడుతూ, చనిపోయేదాకా కసిల్డా ఇంట్లోనే వంట చేసింది.

లా పోర్ఫియా అన్నంత పనీ చేసింది. తర్వాతి ఎండాకాలం మడుగు దగ్గర తుపాకులతో కాపలా పెట్టారు. చిన్నవాళ్లు వాగు ఎండిన ఇసకలో బావులు తవ్వారు. అయినా చాలా ఆవులు చచ్చాయి. ఎవారిస్తో నాలుగింటిలో రెండు పోయాయి. ఆయన వాటి చర్మాలు ఒలుస్తూ, "ఇవి నా ముద్రతోనే చచ్చినాయి," అన్నాడు. కసిల్డాకు ఆ మాట ఎన్నో రాత్రులు నిద్ర పట్టనివ్వలేదు. అయినా తర్వాతి కూడికకు లా పోర్ఫియా పిలవకపోతే చిన్నవాళ్లంతా ఆమె దొడ్డిలోనే చేరారు.

కొన్నేళ్లకు యజమాని చచ్చిపోయాడు. కొడుకులు లా పోర్ఫియాను వరి కంపెనీకి అమ్మేశారు. కంచెలు వచ్చాయి, కాలువలు వచ్చాయి, మందు చల్లే విమానాలు వచ్చాయి. చిన్నవాళ్లు ఒక్కొక్కరే అమ్ముకుని ఊళ్లకు పోయారు. ఎవారిస్తో చనిపోయాక ఆయన కొడుకులూ వెళ్లిపోయారు. కంపెనీవాళ్లు కసిల్డా దగ్గరికీ వచ్చారు. కొత్త బూట్లేసుకున్న కుర్ర ఆఫీసరు వాకిట్లో నిలబడి, "అవ్వా, మూడు పక్కలా మేమే ఉన్నాం. ఇక్కడ ఒక్కదానివి ఏం చేస్తావు?" అని అడిగాడు.

"నాలుగో పక్కన ఉంటా," అంది. "నీ కంచె మా నిమ్మచెట్టు దగ్గర వంకరగా ఉంది నాయనా. ముందది సరిచెయ్యి."

అతను సరిచేయించాడు. ఆమె అమ్మలేదు. తర్వాత ఇంకొకడొచ్చాడు, ఇంకా కొత్త బూట్లతో. అతనికి మజ్జిగ ఇచ్చి పంపేసింది.

ఇప్పుడు ఆమెకు డెబ్బై దాటాయి. ఎడమ మోకాలు వంగదు, మొద్దు మీద కాలు పెట్టి గుర్రమెక్కుతుంది. సొంత గడ్డి ఎండిపోయిన నెలల్లో పశువుల్ని సర్కారు రోడ్డు వార మేపుతుంది. అక్కడింకా ఎవరూ కంచె వెయ్యలేదు.